కుడి చెంప మీది పుట్టుమచ్చ

కిందటి వారం ఈ కథను స్ట్రాండ్ వీధిలో మా అచ్చుబొమ్మల కొట్టు గుమ్మం దగ్గర ఆపాను. సైలస్ క్రేక్ వెండి పొన్ను బెత్తంతో తలుపు తడుతున్నాడు. సర్ లూకాస్ పెన్రిడ్జ్ తరఫున ఓట్లు పోగుచేసే ఏజెంటు అతను. ముందురోజు వచ్చి, మా అందరి ఎదుటా ఒకే మాట చెప్పి వెళ్ళాడు. "మా దొరగారి మీద ఆ వెక్కిరింపు బొమ్మ గీసిందెవరో రేపు మధ్యాహ్నంలోగా చెప్పండి. చెప్పకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోతాను. గీసినవాడు దొరికేదాకా అచ్చు వేసినవాడు జైల్లో కూర్చుంటాడు." గీసిందెవరో మాకు తెలియదు. ఒక పొద్దున తలుపు కిందుగా లోపలికి జారి ఉంది ఆ కాగితం. అచ్చు వేసింది మాత్రం నా భర్త ఆంబ్రోస్.

ఆ ఉదయం నాకు భయం వేయాలి. వేసింది కూడా, అప్పుడప్పుడూ, మబ్బు నీడ గడ్డిమీదుగా జారిపోయినట్టు. కానీ పెళ్ళయి నెల కూడా కాని మనిషికి భయం ఎక్కువసేపు అంటుకుని ఉండదు. కిటికీ పక్కన, అచ్చుబొమ్మలకు నేను రంగులు వేసే బల్ల ఉంది. బల్ల మీద చిన్న సాసర్లలో నీలం, గులాబి, పసుపు రంగులు ఉన్నాయి. వెన్న రాసిన మఫిన్ ఒకటి సగం తిని పెట్టుకున్నాను. నా తల మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాళ్ళ నిండా తడి ఆరని అచ్చుబొమ్మలు, ఉతికిన బట్టల్లాగా. ఏప్రిల్ ఎండ వాటిలోంచి వడకట్టినట్టు దిగుతోంది. తలుపు తెరిచినప్పుడల్లా మంత్రులూ, బిషప్పులూ, లావుపాటి కౌన్సిలర్లూ అందరూ కలిసి ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేవాళ్ళు. దాన్ని చూడ్డం కోసమే ఎవరైనా వస్తే బాగుండు అనుకునేదాన్ని.

నా ఎడమ మణికట్టు మీద అచ్చుసిరా అంటిన నల్లటి బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. పొద్దున్న ఆంబ్రోస్ బయలుదేరేటప్పుడు పడింది. నేను కడుక్కోలేదు.

ఆయన వెళ్ళింది కోవెంట్ గార్డెన్‌కు, ఓటు వేయడానికి. ఇంటివాడు అయ్యాక ఆయనకు ఇదే మొదటి ఓటు. వేదిక ఎక్కి, గుమాస్తాల ముందు నిలబడి, వేలమంది వినేలా పేరు చెప్పాలి. ఆ పేరు సర్ లూకాస్ మీద పోటీకి నిలబడ్డ మిస్టర్ వెదరెల్‌దని మా వీధికంతా తెలుసు. వెదరెల్ రంగు నీలం. సర్ లూకాస్ రంగు నారింజ. నేను ఆయన టోపీకి నీలం రిబ్బను ముడి వేసి, నా చిన్నప్పటి నీలం గాజు తల ఉన్న గుండుసూది గుచ్చాను.

"ఇంత పెద్ద ముడా? నేనేమన్నా ఊరేగింపు గుర్రాన్నా?" అన్నారాయన.

"ఆ గుర్రానికున్న అందం మీకెక్కడిది? కదలకండి."

నవ్వారు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకుని ఏదో చెప్పబోయి, "సాయంత్రం చెబుతాలే లెట్టీ," అని వెళ్ళిపోయారు. సాయంత్రం ఏం చెబుతారా అని ఊహించుకుంటూ ఒక సర్ లూకాస్ కోటుకు రెండుసార్లు రంగు వేశాను.

క్రేక్ లోపలికి అడుగుపెట్టగానే తాళ్ళ మీది మంత్రులందరూ ఊపిరి పీల్చారు.

"ఏం మేడమ్, పేరు దొరికిందా?"

అతను అడిగింది నన్ను కాదు, మిసెస్ గ్రిండాల్‌ను. ఆవిడ మా కొట్టు యజమాని. భర్త పోయాక ఒంటిచేత్తో కొట్టు నడుపుతున్న లావుపాటి మనిషి. ముక్కుపొడుం డబ్బా లేకుండా ఎవరూ ఆవిణ్ణి చూసి ఉండరు.

"తలుపు కింద నుంచి జారిన కాగితానికి పేరు ఎక్కణ్ణుంచి పుట్టించను?" అంది ఆవిడ. "కూర్చోండి. ఆ కుర్చీ కాదు. దాని కాలు మీ దొరగారి మాటలాంటిది, బరువు పెడితే ఒరుగుతుంది."

క్రేక్ నిలబడే ఉన్నాడు. సన్నటి మనిషి, పసుపు గ్లవ్‌లు, గడ్డం కనిపించకుండా మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. ముక్కు మాత్రం చలికి ఎర్రబడి ఎర్రబడి ఊదారంగుకు తిరిగింది. పగలబడి నవ్వాలనిపించేంత మంచి ఊదా. గులాబిలో నీలం ఎంత కలిపితే అది వస్తుందా అని నా చేతులు అప్పుడే లెక్క కట్టుకుంటున్నాయి.

కిటికీ బయట ఎప్పటిలాగే జనం. మా కిటికీ అద్దాల నిండా బొమ్మలు అతికించి ఉంటాయి. కొనేవాళ్ళు కొంటారు, కొనలేనివాళ్ళు నిలబడి నవ్వుకుంటారు. అందరికంటే ముందు, ముక్కు అద్దానికి ఆనించి, హెప్సీ ఉంది. వీధి మలుపులో ఆల్చిప్పలు అమ్మే మనిషి. పొద్దున్నే ఆవిడ నవ్వు వినకపోతే మాకు కొట్టు తెరిచినట్టే ఉండదు. వాళ్ళంతా చూస్తున్నది మధ్య అద్దంలోని ఆ కొత్త బొమ్మనే. అందులో సర్ లూకాస్ ఓటు కోసం ఒక మాంసం కొట్టు యజమాని భార్యను ముద్దుపెట్టుకుంటూ ఉంటాడు. ఆయన రెండో చెయ్యి ఆ యజమాని జేబులో ఉంటుంది. కింద 'ఆప్యాయత' అని ఒకే ఒక్క మాట.

క్రేక్ తన కోటు లోపలి నుంచి బొమ్మలు కొన్ని తీసి నా బల్ల మీద పరిచాడు. నా మఫిన్‌ను బెత్తం కొనతో పక్కకు జరిపాడు. అది నాకు అస్సలు నచ్చలేదు.

"ఇవన్నీ మీ కొట్టు నుంచే వచ్చినవి," అన్నాడు. "ఈ పాతవి చూడండి. మా దొరగారి పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉంది. అసలు మనిషికి కుడి చెంప మీద, ముక్కు పక్కన. అంటే ఈ పాతవి గీసినవాళ్ళు ఆయన్ను సరిగ్గా చూడలేదు. ఇప్పుడీ కొత్తది చూడండి. మచ్చ కుడి చెంప మీదే, ఉండాల్సిన చోటే ఉంది. గీసినవాడు ఆయన పక్కన కూర్చుని చూసినవాడు. మా ఇంట్లోవాడే."

"అయితే మీ ఇంట్లోనే వెతుక్కోండి నాయనా," అంది మిసెస్ గ్రిండాల్.

"వెతికాను. ఫిన్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. కాగితం కనిపిస్తే ఏదో ఒకటి గీస్తుంటాడు. పొద్దున్నే వాణ్ణి గుర్రాలశాలలో పెట్టి తాళం వేశాను. కూర్చుని ఏడుస్తున్నాడు. నేను కాదు, నేను కాదు అంటాడు. మీరొక్కసారి 'అవును, అతనే తెచ్చి ఇచ్చాడు' అనండి. నేను మళ్ళీ మీ గుమ్మం తొక్కను."

మిసెస్ గ్రిండాల్ పొడుం డబ్బా మూత తెరిచి, మళ్ళీ మూసింది. నా వైపు చూసింది. ఒక్క 'అవును'. ఆంబ్రోస్ ఇంటికి వస్తారు, కొట్టు నిలుస్తుంది, సాయంత్రం ఆయన చెబుతానన్న మాట నేను వింటాను. ఆవిడ నోరు తెరవబోతోందని నాకు అర్థమైంది. గుర్రాలశాలలో గడ్డి మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటున్న ఎవరో తెలియని మనిషి నా కళ్ళ ముందు కనిపించాడు.

"అయ్యో, అది కాదండీ!" అన్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను బాత్ ఊళ్ళో ఆడపిల్లల బోర్డింగు బడిలో చదువుకున్నదాన్ని. ఫ్రెంచి వచ్చు, భూగోళం వచ్చు, హార్ప్‌సికార్డ్ వాయించడం కొద్దిగా వచ్చు. వాటిలో ఏదీ నాకు, రాగి రేకు మీద నుంచి మొదటి బొమ్మ లేచి వచ్చినప్పుడు కలిగినంత ఆనందం ఇవ్వలేదు. తెలుసుకున్న దాన్ని ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చుట్టుపక్కల అందరికీ అప్పటికే చెప్పేశాను. మిగిలింది క్రేక్ ఒక్కడే.

"చూడండీ, రేకు మీద ఎలా గీస్తే కాగితం మీద అది తిరగబడి వస్తుంది, అద్దంలో చూసినట్టు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. దొరల ఇళ్ళ నుంచి సరదాకి బొమ్మలు గీసి పంపుతారు, మీ దొరగారి మచ్చను సరిగ్గా కుడివైపే గీస్తారు. మావాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు రేకు మీద దింపుతారు. అచ్చు వేయగానే అటుది ఇటవుతుంది! మా కిటికీలో చూడండి, మంత్రులందరూ ఎడమచేత్తో తాగుతుంటారు. కత్తులన్నీ తప్పు వైపే వేలాడుతుంటాయి. జనం పట్టించుకోరు. ఆ ఫిన్ గారు గీసినా మచ్చ ఎడమ చెంప మీదే పడేది. పాపం, ఆయన కాదు. వదిలేయండి."

నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. క్రేక్ కూడా ముచ్చటగా తల ఊపాడు.

"చాలా బాగుంది. ఇన్నాళ్ళూ నాకీ సంగతి తెలియనే తెలియదు. అయితే ఈ కొత్తది మాత్రం సరిగ్గా ఎలా వచ్చింది?"

"తీరిక ఉంటే బొమ్మను అద్దానికి ఎదురుగా నిలబెట్టి, అద్దంలో చూస్తూ చెక్కుతారు. అప్పుడు సరిగ్గా వస్తుంది."

"ఓహో. మీ ఆయన అలా చెక్కారన్నమాట."

"లేదే! ఆ రోజంతా అద్దం నా దగ్గరే ఉంది. కొత్త టోపీ వచ్చింది కదా, నేను వదిలితేనా? ఆయన ఒక్కసారి కూడా అడగలేదు."

ఆ మాట నా నోట్లోంచి సీతాకోకచిలుకలా తేలికగా బయటికి వచ్చింది. అది గది మధ్యకు వెళ్ళి నిలబడ్డాక గానీ అదేమిటో నాకు కనిపించలేదు.

మిసెస్ గ్రిండాల్ కళ్ళు మూసుకుంది. "నీ నోరు పడ, పిల్లా," అంది, పెదవులు కదలకుండా.

క్రేక్ తన పసుపు గ్లవ్‌లను వేలు వేలుగా లాగి తీశాడు. "అద్దం లేకుండానే సరిగ్గా వచ్చిందంటే, తలుపు కింద నుంచి వచ్చిన ఆ కాగితం మీదే మచ్చ ఎడమవైపు ఉండాలి. అంటే, తిరగబడుతుందని ముందే తెలిసి, తిప్పి గీశారు. దొరల ఇళ్ళలో ఇదెవరికీ తెలియదని మీ మాటల్లోనే తేలింది. ఇది ఈ పని చేసేవాళ్ళ చెయ్యి. ఆ కాగితం తీసుకురండి మేడమ్. పక్కపక్కన పెట్టి చూద్దాం."

కాగితం వెనక గదిలో ఉంది, ఆంబ్రోస్ పనిబల్ల సొరుగులో. వెళ్ళాను. వెనక గదిలో మసి వాసన, మైనం వాసన, ఆమ్లం ఘాటు. ఆ వాసనలంటే నాకెంత ఇష్టమో! గుండ్రటి కిటికీ నుంచి పడుతున్న వెలుగులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. ఆ ఒక్క క్షణం నీటి అడుగున ఉన్నట్టు అనిపించింది.

కాగితం తీశాను. మచ్చ ఎడమ చెంప మీదే ఉంది. మేకుకు వేలాడుతున్న అద్దం తీసి దాని ముందు పట్టాను. అద్దంలో సర్ లూకాస్ తన అసలు ముఖంలోకి తిరిగాడు. కానీ నేను ఆయన్ను చూడలేదు.

బొమ్మలో వెనకాల ఒక ఇల్లుంది. ఆ ఇంటి మేడ కిటికీలో, గోరంత ఆడమనిషి ఒకతె, చేతి మీద గడ్డం ఆనించి, కింద జరుగుతున్నదేదీ పట్టకుండా కలలో ఉన్నట్టు కూర్చుని ఉంది. అచ్చులో ఆ గీతలు సగం చెరిగిపోయాయి. ఆవిడ టోపీకి ఎన్నిసార్లు గులాబి రంగు అద్దానో! రంగు వేసేవాళ్ళం మనిషిని చూడం, రంగు పట్టే చోటు చూస్తాం. ఈ కాగితం మీద మాత్రం పెన్సిలు గీత మెత్తగా, చెరగకుండా ఉంది. టోపీ కాస్త ఒక పక్కకు ఒరిగింది. నా టోపీ ఎప్పుడూ అలాగే ఒరుగుతుంది. పళ్ళ మధ్య కుంచె. కిటికీ రెక్కకు పైబందు ఊడి, కింది బందు మీద వేలాడుతోంది. మా పడకగది కిటికీకి కూడా అంతే. పెళ్ళయినప్పటి నుంచీ బాగుచేస్తాననే ఆంబ్రోస్ అంటున్నారు. అద్దంలో చూస్తే ఆ బందు సరిగ్గా మా కిటికీకి ఉన్న వైపే ఉంది.

ఆ కిటికీలో నన్ను ఆ పక్క నుంచి చూడాలంటే మా మంచం మీద ఒక్కచోటే పడుకుని ఉండాలి. ఆ చోటు ఎవరిదో ప్రపంచంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

గుండెలో మొదట పొంగింది భయం కాదు. సంతోషం. ఒక దొర దొంగతనాన్ని, ఎన్నికల గోలను, అరుపుల్ని, మాంసం కొట్టును అంతా గీస్తూ, మధ్యలో నన్ను కూడా పెట్టుకున్నారు ఆయన! ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే తలుపు తెరిచేది తనే గనుక, కాగితం తనే నేల మీద పెట్టి తనే తీసుకున్నారు. సాయంత్రం చెబుతానన్నది ఇదే. ఆ తర్వాత వచ్చింది భయం, చల్లగా, అరికాళ్ళ నుంచి. ఇప్పుడీ కాగితం క్రేక్ చేతికి వెళితే నా టోపీ గుర్తుపట్టడానికి అతనికి ఎంతసేపు పడుతుంది? నేను ఎదురుగానే నిలబడి ఉంటాను కదా, పక్కకు ఒరిగిన అదే టోపీతో.

కాగితం మడిచి గౌను లోపల పెట్టుకున్నాను. టోపీ సరిచేసుకున్నాను. ముందు గదిలోకి వచ్చాను.

"కాగితం లేదు," అన్నాను. "ఉన్నా మీకు పని లేదు. ఆ బొమ్మ గీసింది నేను."

మిసెస్ గ్రిండాల్ చేతిలోంచి పొడుం డబ్బా జారింది. ఆవిడ తుమ్మింది. తాళ్ళ మీది మంత్రులు ఊగారు.

"ఇప్పుడే కదా మేడమ్, మీ ఆయన ఎవరిదో కాగితం దింపారన్నారు?"

"నాదే. నేనే గీసి నేనే తలుపు దగ్గర పడేశాను. ఆయన్ను ఆటపట్టిద్దామని. కొత్తగా పెళ్ళయినవాళ్ళం, ఇలాంటివి చేసుకుంటూ ఉంటాం. రేకు మీద తిరగబడుతుందని నాకు తెలుసు కదా. ఇందాక మీకు పాఠం చెప్పింది ఎవరనుకున్నారు?"

"మా పిల్ల మహా గడుసుది లెండి," అంది మిసెస్ గ్రిండాల్ ముక్కు తుడుచుకుంటూ. నా వైపు చూసిన చూపులో మాత్రం 'నీకేమన్నా పిచ్చా?' అని ఉంది.

క్రేక్ నవ్వాడు. పెన్సిలు తీసి నా ముందు పెట్టాడు. ఒక ఖాళీ కాగితం దాని పక్కకు జరిపాడు. "అయితే గీయండి. ఏదైనా సరే. నన్నే గీయండి. ఆ చెయ్యి, ఈ చెయ్యి ఒకటేనో కాదో తెలిసిపోతుంది."

నాకు గీయడం రాదు. బడిలో నేను గీసిన గొర్రెను చూసి మా టీచరమ్మ, మేఘం బాగుంది అంది. పెన్సిలు పట్టుకున్నాను. బయట జనం బొమ్మలు చూడ్డం మానేసి లోపలికి చూస్తున్నారు. అద్దాల సందుల్లోంచి కళ్ళు, టోపీలు, నీలం రిబ్బన్లు. హెప్సీ అరుపు అద్దం దాటి వినిపించింది. "ఏంటే కొత్త పెళ్ళికూతురా, ఆ కర్రపుల్ల నిన్నేమంటున్నాడు?"

పెన్సిలు కింద పెట్టేశాను. కుంచె తీసుకున్నాను.

గీత నాకు రాదు గానీ రంగు వచ్చు. గులాబిలో నీలం కలిపాను, ఇందాక లెక్క కట్టుకున్నంత. కాగితం మధ్యలో ఒకే ఒక్క ఊదా చుక్క, వంకాయంత. దాని కింద తెల్లగా వదిలేశాను, గడ్డం లేని చోటంతా. అటొకటి, ఇటొకటి రెండు పసుపు మరకలు. సన్నగా నిలువుగా ఒక నల్లగీత, బెత్తం. అంతే. ఆ కాస్తసేపు నాకు జైలూ లేదు, మేజిస్ట్రేటూ లేడు. రంగు కాగితంలోకి ఇంకడం ఒక్కటే ఉంది. తడి కాగితం ఎత్తి కిటికీ అద్దానికి ఆనించాను. రంగు అవతలికి ఉబికింది. వీధివాళ్ళకు అది తిరగబడే కనిపించి ఉంటుంది. అయినా వీధి వీధంతా విరగబడి నవ్వింది.

"క్రేక్! అది క్రేక్ ముక్కురోయ్!"

"గడ్డం ఎక్కడ పెట్టి మర్చిపోయాడో అడగండ్రా!"

"ఆ బొమ్మలన్నీ వేసింది నువ్వేనటే, పిల్లా?" హెప్సీ గొంతు అన్నిటినీ మించి మోగింది. అవునని తల ఊపాను. "మా లెట్టీనే గీసిందంట! వినండర్రా! సర్ లూకాస్‌ను గీసింది ఈ పిల్లేనంట! ఇదిగో, నీకు జీవితాంతం ఆల్చిప్పలు నేనిస్తానే!"

క్రేక్ ముక్కు నేను వేసిన రంగు కంటే ముదిరింది. ఆ చెయ్యి, ఈ చెయ్యి ఒకటి కాదని అతనికి తెలుసు. తెలిసీ లాభం లేదు. వీధి తీర్పు చెప్పేసింది. నేను గెలిచాను. ఆంబ్రోస్ జైలుకు వెళ్ళరు. వెళితే నేను వెళతాను. అక్కడ కిటికీ ఉంటుందా, ఉంటే అటు ఎండ పడుతుందా అని కూడా అప్పుడే ఆలోచించేశాను.

అప్పుడు జనం మధ్యలో సన్నటి దారి పడింది. తలుపు తెరుచుకుంది. ఆంబ్రోస్ లోపలికి వచ్చారు.

ముందు నాకు ఆయన ముఖం కనిపించింది. పాలిపోయి ఉంది. తర్వాత టోపీ. నా నీలం గాజు గుండుసూది ఎక్కడ గుచ్చానో అక్కడే ఉంది. అది పట్టి ఉంచిన రిబ్బను మాత్రం నారింజ రంగుది.

"లెట్టీ," అన్నారు, నా చేతిలోని కుంచెను చూస్తూ. "ఏం చేస్తున్నావు? వాళ్ళు నీ పేరు ఎందుకు అరుస్తున్నారు?"

"ముందు మీ టోపీ సంగతి చెప్పండి," అన్నాను.

ఆయన క్రేక్ వైపు తిరిగారు. "అయిపోయింది క్రేక్ గారూ. మీరిక వెళ్ళొచ్చు. వేదిక మీదే సర్ లూకాస్‌తో మాట్లాడాను. వెక్కిరింపు బొమ్మల కొట్టువాడే అందరి ముందూ ఆయన పేరు చెప్పి ఓటేస్తే, వంద ఓట్లు పడినట్టేనన్నారు. వేశాను. గట్టిగా చెప్పాను. అందరూ విన్నారు." టోపీ అంచు ఒకసారి తడుముకున్నారు. "అందుకు బదులుగా, గీసిందెవరని మా కొట్టులో ఇక ఎవరూ అడగరు. ఆ పేరు బయటపడనంత కాలం గొడవ ముగిసినట్టే. అది ఆయన మాట."

ఒరిగే కుర్చీ వైపు మిసెస్ గ్రిండాల్ ఒకసారి చూసింది.

క్రేక్ మెల్లగా గ్లవ్‌లు తొడుక్కున్నాడు. అతని ముఖంలోకి మళ్ళీ చిరునవ్వు వచ్చింది. "పేరు బయటపడనంత కాలం," అన్నాడు. "మంచి బేరమే కుదుర్చుకున్నారు ఆంబ్రోస్ కెల్లవే గారూ. మీ ఆవిడ ఒక్క పావుగంట నోరు కట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. ఆ బొమ్మ గీసింది తనేనని ఇప్పుడే వీధిలో అందరికీ చెప్పారు. వినండి, ఇంకా అరుస్తున్నారు."

ఆంబ్రోస్ నన్ను చూశారు. నేను ఆయన్ను చూశాను. గౌను లోపల మడిచిన కాగితం నా గుండెకు తగులుతోంది. తన కోసం నన్ను జైలు గుమ్మం దాకా రానివ్వకూడదని ఆయన అమ్ముకున్నదేమిటో నాకు తెలిసింది. ఆయన్ను జైలు దాకా పోనివ్వకూడదని నేను చెప్పిన అబద్ధమేమిటో ఆయనకు తెలిసింది. ఒక్క పొద్దున ఒకరి కోసం ఒకరం, రెండు వైపుల నుంచీ, ఇంటిని పడగొట్టుకున్నాం. అయినా, ఏం చెప్పను, అంత దగ్గరగా ఆయన నాకు అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

అప్పుడు బయట నవ్వు ఆగింది.

ఒకేసారి కాదు. ముందు వరుసలో, ఆ వెనక, ఆ వెనక, దీపాలు ఒక్కొక్కటే మలిపినట్టు. అందరి కళ్ళూ ఆంబ్రోస్ టోపీ మీద ఉన్నాయి. వెనక ఎక్కడో ఒకడు, "నారింజ," అన్నాడు. ఇంకొకడు వీధి మురుగుకాలువ పక్కన పడి ఉన్న కుళ్ళిన క్యాబేజీ మొదలు వంగి తీశాడు. హెప్సీ వాడి చెయ్యి పట్టి ఆపింది. తర్వాత తన ఆల్చిప్పల బుట్ట కింద పెట్టి, అద్దం దగ్గరికి వచ్చింది. నేను అతికించిన కాగితం పక్కనుంచి సూటిగా నా కళ్ళలోకి చూసింది. ఈసారి గట్టిగా అరవలేదు.

"మీ ఆయన ఎవరివాడో చూశాంలే," అంది. "ఆ బొమ్మ గీసింది నువ్వేనన్నావు. ఇప్పుడు నువ్వు చెప్పు పిల్లా. నువ్వెవరి పక్క?"

"ఆలోచించుకుని చెప్పండి మేడమ్," అన్నాడు క్రేక్ నా వెనక నుంచి, మెత్తగా. "నీలం అన్నారంటే, మా దొరగారి మాట మీవైపు నుంచే తెగినట్టు. నేను ఇటు నుంచి ఇటే మేజిస్ట్రేటు దగ్గరికి పోతాను."

ఆంబ్రోస్ సిరా అంటిన చెయ్యి నా మణికట్టు మీద పడింది, పొద్దున్న ముద్ర పడిన చోటే. గట్టిగా పట్టుకోలేదు, ఆపలేదు. ఊరికే ఉంచారు.

వేదిక ఎక్కే హక్కు నాకు లేదు. గుమాస్తా నా పేరు రాసుకోడు. నా జీవితంలో ఎవరూ నన్ను ఓటడగలేదు. ఆ పూట మాత్రం స్ట్రాండ్ వీధి మొత్తం ఊపిరి బిగబట్టి, మా కిటికీ ముందు నిలబడి, నా ఓటు కోసం ఎదురుచూస్తోంది.

నేను కుంచెను నీలం సాసర్లో ముంచాను.